ఒక్క రోజులో గోల్కొండ, సెవెన్ టూంబ్స్, చార్మినార్, లాడ్ బజార్: గైడ్‌తో ఎలా చూడాలి?

ఊళ్ల నుంచి పెళ్లి షాపింగ్‌కి హైదరాబాద్ వచ్చేవాళ్లు, పిల్లలతో సెలవులకు అమెరికా నుంచి దిగేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "మాకు ఒక్క రోజే ఉంది. గోల్కొండ, చార్మినార్ రెండూ అవుతాయా? గాజులు కూడా కొనాలి. గైడ్‌ని పెట్టుకోవాలా, అక్కర్లేదా?"

అవుతాయి. కాకపోతే రెండు విషయాల్లో పట్టు విడవకండి. ఒకటి, పొద్దున కోట, సాయంత్రం చార్మినార్. ఈ వరస తిప్పొద్దు. రెండు, గైడ్ కోటకు కావాలి, బజారుకు వద్దు. మిగతాదంతా మీ వీలుని బట్టి మార్చుకోవచ్చు.

ముందుగా రోజు ఎంచుకోండి

శుక్రవారం పెట్టుకోకండి. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులకు, అంటే సెవెన్ టూంబ్స్‌కి, శుక్రవారం సెలవు. మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం చార్మినార్ చుట్టుపక్కల కదలడమే కష్టం. శని, ఆదివారాలు పర్వాలేదు కానీ కోటలో స్కూలు బస్సుల రద్దీ, సాయంత్రం బజార్లో తొక్కిసలాట భరించాలి. మంగళ, బుధ, గురువారాలు హాయి.

ఆషాఢంలో వస్తున్నారా? బోనాలు మొదలయ్యేది గోల్కొండ కోటలోని జగదాంబ మహంకాళి గుడి దగ్గరే. ఆ నెల ఆదివారాలు, గురువారాలు కోట భక్తులతో కిటకిటలాడుతుంది. బోనాలు చూడడానికే వస్తే అంతకంటే మంచి రోజు లేదు. కోట తీరిగ్గా చూడాలంటే మాత్రం వేరే రోజు పెట్టుకోండి. రంజాన్ నెలలో చార్మినార్ పక్కనున్న గాజుల వీధి లాడ్ బజార్ అర్ధరాత్రి దాటాక కూడా వెలుగుతూనే ఉంటుంది. చూడవలసిన సందడే, కానీ చంటిపిల్లలతో వద్దు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తప్పనిసరైతే కోట తెరిచే వేళకే గేటు దగ్గర ఉండండి.

కావలసినవి

- పట్టున్న బూట్లు. చెప్పులతో కోట ఎక్కగలరు, దిగడమే కష్టం.
- మనిషికి కనీసం లీటరు నీళ్లు, టోపీ. ఎక్కే దారిలో నీడ తక్కువ.
- గుర్తింపు కార్డు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఓసీఐ కార్డు తప్పకుండా పెట్టుకోండి. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ఓసీఐ ఉన్నవాళ్లకు భారతీయుల టికెట్టే వర్తిస్తుంది. కార్డు ఇంట్లో మరిచిపోతే విదేశీయుల టికెట్టు కొనాల్సిందే, దానికీ దీనికీ చాలా తేడా.
- మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు, ఆడవాళ్లకు ఒక చున్నీ. మక్కా మసీదు కోసం.
- చేతికి సరిపోయే పాత గాజు ఒకటి. ఎవరి కోసం కొంటున్నారో వాళ్లది. ఎందుకో తర్వాత చెబుతాను.
- ఫోన్లో యూపీఐ ఉన్నా సరే, కొంత చిల్లర. ఆటోకి, చాయ్‌కి, చెప్పులు చూసేవాళ్లకి.

గోల్కొండ, చార్మినార్ టికెట్లు కేంద్ర పురావస్తు శాఖవి. ఆన్‌లైన్లో ముందే కొంటే క్యూ తప్పుతుంది. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. సెవెన్ టూంబ్స్ రాష్ట్ర ప్రభుత్వానివి, టికెట్ అక్కడే విడిగా తీసుకోవాలి.

1. బండి మాట్లాడుకోండి

నలుగురైదుగురు ఉంటే 'ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు' ప్యాకేజీ క్యాబ్ బాగా కలిసొస్తుంది. కానీ దాన్ని రాత్రి దాకా ఉంచుకోకండి. పాతబస్తీలో పార్కింగ్ వెతకడంలోనే గంట పోతుంది, చార్మినార్ దగ్గరికి బండ్లు రానివ్వరు కూడా. మధ్యాహ్నం మదీనా చౌరస్తా దగ్గర దిగి పంపించేయండి. తిరిగి వెళ్లేటప్పుడు ఆటోలో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కి వెళ్తే, రెండు మెట్రో లైన్లు అక్కడే కలుస్తాయి కాబట్టి ఊళ్లో ఎటైనా పోవచ్చు.

ఇద్దరే అయితే విడివిడిగా ఆటోలు మాట్లాడుకోవడమే నయం. ఆటోవాళ్లతో 'కుతుబ్‌షాహీ సమాధులు' అనకండి, 'సెవెన్ టూంబ్స్' అంటే వెంటనే తెలుస్తుంది. ఈ బాధలేవీ వద్దనుకునే పెద్దవాళ్లకు తెలంగాణ పర్యాటక శాఖ నడిపే సిటీ టూర్ బస్సు ఉంది. గైడ్ కూడా వాళ్లతోనే వస్తాడు. ఒక్కోచోట ఇచ్చే సమయం తక్కువ కాబట్టి కోట పైదాకా ఎక్కాలనుకునేవాళ్లకు అది సరిపోదు.

2. గైడ్‌ని కోట గేటు దగ్గర ఎంచుకోండి

టికెట్ కౌంటర్ దాటకముందే నలుగురు చుట్టుముడతారు. మొదట అడిగినవాడితోనే బేరం కుదుర్చుకోకండి. ఈ నాలుగూ చూడండి.

మొదటిది కార్డు. పర్యాటక శాఖ ఇచ్చిన, ఫొటో ఉన్న లైసెన్స్ కార్డు మెడలో ఉండాలి. జేబులో ఉందంటే తీసి చూపించమనండి, గడువు తేదీ చదవండి.

రెండోది భాష. తెలుగులో చెప్పేవాళ్లు దొరుకుతారు. "తెలుగులో చెప్తారా?" అని అడిగి ఊరుకోకండి, రెండు నిమిషాలు మాట్లాడించండి. బట్టీపట్టిన ఇంగ్లిష్ ముక్కల మధ్య తెలుగు క్రియలు తగిలించేవాడైతే పిల్లలకు పది నిమిషాల్లో విసుగొస్తుంది.

మూడోది దారి. "పైన బారాదరి (దర్బారు మంటపం) దాకా వస్తారా, కిందే చెప్పి వదిలేస్తారా?" ఈ ప్రశ్న వేయకపోవడం వల్లే ఎక్కువమంది మోసపోయామనుకుంటారు. కింద ముప్పావుగంట చెప్పి "ఇక మెట్లెక్కి చూసి రండి" అనే గైడ్లు ఉన్నారు. పైదాకా వస్తేనే పూర్తి డబ్బు అని ముందే చెప్పండి.

నాలుగోది రేటు. మనిషికా, గుంపుకా అన్నది తేల్చుకోండి. గుంపుకి ఒకే రేటు మాట్లాడుకుని, అది చివర్లోనే ఇస్తామనండి. ఎక్కువ అనిపిస్తే పక్కన మరో కుటుంబాన్ని కలుపుకోండి. పదిమంది దాకా ఒక గైడ్ మాట బాగానే వినిపిస్తుంది.

3. కోట: చప్పట్ల దగ్గర తొందరపడకండి

బాలాహిస్సార్ గేటు లోపలికి అడుగుపెట్టగానే ఒక గుమ్మటం కింద అందరూ చప్పట్లు కొడుతుంటారు. ఆ చప్పుడు కొండ కొసన ఉన్న దర్బారు మంటపం దాకా వినపడుతుంది. శత్రువు గేటు దాటాడని పైవాళ్లకు తెలియడానికి చేసిన ఏర్పాటు ఇది. చాలామంది కింద చప్పట్లు కొట్టి, నవ్వుకుని, పైకెళ్లి మరిచిపోతారు. అలా చేస్తే అది పనిచేసిందో లేదో మీకు ఎప్పటికీ తెలియదు.

పరీక్షించే పద్ధతి ఇది. మీలో ఒకరిని కిందే ఉంచండి. పైకి చేరాక ఫోన్ చేసి "కొట్టు" అని చెప్పి, ఫోన్ పెట్టేసి వినండి. కిందవాళ్లు సరిగ్గా గుమ్మటం మధ్యలో నిలబడాలి. రెండు అడుగులు పక్కకు జరిగి కొడితే తేడా మీకే తెలుస్తుంది. పది గంటల తర్వాత కింద జనం గోల ఎక్కువవుతుంది కాబట్టి ఈ పరీక్షకు పొద్దుటి వేళే మంచిది.

తర్వాత గైడ్‌ని అడిగి మరీ చూడవలసినవి మూడు.

గోడల్లో మట్టి గొట్టాలు. కింద నుంచి పైదాకా నీళ్లను అంచెలంచెలుగా ఎక్కించిన ఏర్పాటు తాలూకు ముక్కలు ఇప్పటికీ కనపడతాయి. మీరు అడగకపోతే చాలామంది గైడ్లు చూపించరు.

అక్కన్న, మాదన్నల కార్యాలయాలు. కుతుబ్‌షాహీల చివరి రోజుల్లో రాజ్యం నడిపిన అన్నదమ్ములు వీళ్లు. మాదన్న ప్రధానమంత్రి.

రామదాసు బందిఖానా. కొండ ఎక్కే దారిలోనే వస్తుంది. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని తానీషా పన్నెండేళ్లు ఉంచిన చోటుగా చెబుతారు. అక్కన్న, మాదన్నలకు గోపన్న మేనల్లుడు. లోపల గోడ మీద రాముడు, హనుమంతుడి రూపాలు చెక్కి ఉన్నాయి. చీకటికి కళ్లు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు నిలబడితేనే అవి స్పష్టంగా కనపడతాయి. తెలుగు కుటుంబాలు ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. గైడ్ "పదండి పదండి" అంటే ఆగమని చెప్పండి. ఆ సమయానికి కూడా మీరు డబ్బిచ్చారు.

పైదాకా దాదాపు 360 మెట్లు. ఆగుతూ ఎక్కితే ముప్పావుగంట. పైన గుడి, ఇబ్రహీం మసీదు, దర్బారు మంటపం ఉంటాయి. ఎక్కిన దారిన కాకుండా రెండో దారిన దిగితే రాణీమహల్, తారామతి మసీదు చూస్తూ గేటుకి చేరతారు. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కిన దారినే దిగాలి. వానపడితే రాళ్లు జారతాయి, ఆ రోజు పిల్లల చెయ్యి వదలకండి.

పైకి ఎక్కలేని పెద్దవాళ్లను తీసుకురావొద్దని కాదు. వాళ్లు కింద నగీనాబాగ్, చప్పట్ల గుమ్మటం, రాణీమహల్ చూసి నీడలో కూర్చోవచ్చు. చప్పట్లు కొట్టడానికి కింద ఉండే మనిషి మీకు ఎలాగూ కావాలి.

గైడ్ చెప్పేదాంట్లో ఏది నమ్మాలి? కోట నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందంటారు. వినండి, బాగుంటుంది, అయితే అది కథే. కోహినూరు ఈ కొండలో తవ్వారంటే మాత్రం నమ్మకండి. ఈ రాజ్యపు పేరుమోసిన వజ్రాల గని కృష్ణ ఒడ్డున కొల్లూరులో ఉండేది. గోల్కొండ వ్యాపార కేంద్రం. మట్టికోట కాకతీయుల నాటిదన్నా, 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించాక లోపలివాడు తలుపు తీస్తేనే కోట పడిందన్నా అది నిజమే.

పదకొండున్నరకల్లా బయటపడాలి. సాయంత్రం కోటలో సౌండ్ అండ్ లైట్ షో కూడా ఉంటుంది. అది చూస్తే ఆ రోజుకి బజారు లేదు. రెండూ కావాలంటే రెండో సాయంత్రం కేటాయించుకోండి.

4. సెవెన్ టూంబ్స్: గంట చాలు

కోట నుంచి ఆటోలో పది నిమిషాల దారి. గైడ్ అక్కడికీ వస్తానంటే, కోటలో బాగా చెప్పి ఉంటేనే రమ్మనండి. ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2013 నుంచి ఏళ్ల తరబడి మరమ్మతులు చేశాక ఇక్కడ బోర్డులు చదువుకుంటూ సొంతంగా తిరగొచ్చు.

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే ఇక్కడికి రమ్మనడానికి కారణం ఉంది. గుంబజుల లోపల చల్లగా ఉంటుంది. తప్పకుండా చూడాల్సినవి: చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ సమాధి, అంత్యక్రియలకు ముందు స్నానం చేయించిన హమాం, బాగుచేసిన బడీ బావి. ఆఖరి సుల్తాను తానీషా సమాధి కోసం వెతక్కండి. ఆయన దౌలతాబాద్ కోటలో బందీగా చనిపోయాడు, సమాధి మహారాష్ట్రలో ఖుల్దాబాద్‌లో ఉంది.

5. భోజనం

టోలీచౌకీలోనో మెహదీపట్నంలోనో తినేయండి, దారిలోనే వస్తాయి. పాతబస్తీకి వెళ్లాకే బిర్యానీ తింటామంటే మూడింటి దాకా పిల్లలు ఆగరు. కడుపు నిండా తిన్నాక చార్మినార్ మెట్లు ఉన్నాయన్న సంగతి మరవకండి.

6. చార్మినార్: ముందు ఎక్కండి, తర్వాత కొనండి

మూడున్నరకి మదీనా దగ్గర దిగితే పత్తర్‌గట్టీ మీదుగా నేరుగా నడకే. చార్ కమాన్‌ల (నాలుగు తోరణాల) మధ్య గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దాటగానే ఎదురుగా చార్మినార్. టికెట్ కౌంటర్ సాయంత్రం మూస్తారు కాబట్టి నాలుగున్నర దాటనివ్వకండి. షాపింగ్ చేసి వచ్చి ఎక్కుదామనుకుని కిందనుంచే చూసి వెళ్లిపోయేవాళ్లు ప్రతిరోజూ ఉంటారు.

గుండ్రంగా తిరిగే మెట్లు ఇరుకు, ఎత్తు, కాస్త చీకటి. మొదటి అంతస్తు దాకానే పంపిస్తారు. ఊపిరాడని భయం ఉన్నవాళ్లు, గర్భిణులు కిందే ఉండడం మంచిది. కట్టింది 1591లో. గోల్కొండ ఇరుకైపోయి మూసీ అవతల కొత్త నగరం వేసిన కాలమది. పొద్దున మీరు చూసిన కోటలోంచి రాజ్యం ఇక్కడికి దిగివచ్చిందన్నమాట. గడియారాలు మాత్రం చాలా తర్వాత, 1889లో పెట్టినవి.

పైకి చేరాక ఫొటోల కంటే ముందు ఒక పని చేయండి. నాలుగు వైపులా చూసి దారులు గుర్తుపెట్టుకోండి. పడమటి దారి లాడ్ బజార్. నైరుతిన మక్కా మసీదు. ఉత్తరాన మీరు నడిచొచ్చిన పత్తర్‌గట్టీ, ముత్యాల దుకాణాలు అటే. కింద జనంలో దిక్కులు తెలియవు. విడిపోతే కలుసుకునే చోటు కూడా ఇక్కడే నిర్ణయించుకోండి.

దిగాక మక్కా మసీదు. 1617లో మొదలై 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. నమాజు జరుగుతుంటే బయట ఆగి, అయ్యాక వెళ్లండి. ఆవరణలో ఆసఫ్‌జాహీల, అంటే నిజాముల, సమాధులున్నాయి. పావుగంట చాలు. బయటికి రాగానే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఇక్కడ పదినిమిషాలు కూర్చుంటేనే బేరానికి ఓపిక వస్తుంది.

7. లాడ్ బజార్: గైడ్ లేకుండా

"మా అన్న దుకాణం ఉంది, తక్కువకు ఇప్పిస్తా" అన్న మాట గైడ్ నుంచి రావచ్చు, ఆటోవాడి నుంచి రావచ్చు. చిరునవ్వుతో వద్దనండి. అలా వెళ్తే కమీషన్ మీ బిల్లులోనే కలుస్తుంది.

మొదట ఏమీ కొనకుండా వీధి చివరిదాకా నడవండి. మూడు దుకాణాల్లో ఒకే రకం సెట్ ధర అడగండి. దాంతో ఆ రోజు ధర మీకు అర్థమవుతుంది. తర్వాతే బేరం. తెలుగులో అడిగినా జవాబిస్తారు, దక్కనీలో "భయ్యా, ఆఖరీ బోలో" అంటే ఇంకా బాగుంటుంది. 'ఫిక్స్‌డ్ రేట్' బోర్డున్న చోట బేరమాడి మనసు పాడుచేసుకోకండి.

ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కను కుంపటి మీద మెత్తబరిచి, లోహపు చుట్టు మీద పట్టించి, అది మెత్తగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటే చేత్తో అద్దుతారు. ఒక్క జత వెనక ఎంత పని ఉందో పక్క సందుల్లో కార్ఖానాలో చూస్తే తెలుస్తుంది. చూస్తామంటే చాలామంది కాదనరు. చూశాక బేరం ఎక్కడ ఆపాలో కూడా మీకే తెలుస్తుంది.

కొనేముందు ఇలా చూసుకోండి:

- సైజు. మట్టిగాజుకి రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అన్న లెక్కే ఇక్కడా. కానీ లక్క గాజు మందం, పైగా సాగదు. అందుకే పాత గాజు తెమ్మన్నాను. దాని మీద పెట్టి లోపలి చుట్టు కలిసిందో లేదో చూడండి. పొరపాట్లలో తొంభై పాళ్లు సైజువే.
- లోపలి వైపు. లోహపు చుట్టు కనపడాలి. అచ్చు పోసిన అతుకు గీత ఉంటే అది ప్లాస్టిక్.
- రాళ్లు. బొటనవేలితో గట్టిగా రుద్దండి. కదిలిందంటే ఇంటికెళ్లేలోపే రాలుతుంది. సెట్‌లో ప్రతి గాజూ తిప్పి చూడండి, పైవి రెండే కాదు.
- రంగు. ట్యూబ్‌లైటు కింద చీరకు మ్యాచ్ చేయకండి. గుమ్మం దాకా తెచ్చి చూడండి, లేదా చీరకొంగు ముక్కే వెంట తెచ్చుకోండి.

ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ఎండలో ఆపిన కారులో వదలకండి, లక్క మెత్తబడుతుంది. విమానంలో అయితే చేతిసంచిలోనే పెట్టుకోండి.

ముత్యాలు కొనాలంటే పత్తర్‌గట్టీకి తిరిగి వెళ్లండి. ఇక్కడ అమ్మేవాటిలో ఎక్కువ భాగం చైనా నుంచి వచ్చే మంచినీటి పెంపకపు ముత్యాలే. హైదరాబాద్ ప్రత్యేకత వాటికి రంధ్రం వేయడం, ఎంచి కూర్చడం. "సముద్రంలో దొరికినవి, పెంచినవి కావు" అని తక్కువ ధరకు చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. రెండు ముత్యాలు ఒకదానికొకటి మెల్లగా రాయండి. అసలుదైతే సన్నటి గరుకు తగులుతుంది, గాజుపూసైతే జారిపోతుంది. రంధ్రం అంచున పైపూత పెచ్చు లేచిందేమో చూడండి. మంట పెట్టి చూపించే పరీక్ష మీద నమ్మకం పెట్టుకోకండి. రకం పేరు, బరువు రాసిన బిల్లు తీసుకోండి. అది లేకుండా డబ్బు ఇవ్వొద్దు.

వేళ తప్పితే ఏం వదలాలి?

పదింటికి కోటకు చేరితే సెవెన్ టూంబ్స్ వదిలేయండి. పన్నెండింటికి చేరితే కోట పైకి ఎక్కొద్దు, కింద భాగమే చూసి బయల్దేరండి. శుక్రవారం తప్ప వీల్లేకపోతే పొద్దున కోట, మధ్యాహ్నం ఇంట్లో విశ్రాంతి, ఐదింటి తర్వాత నేరుగా లాడ్ బజార్. ఆ రోజు చార్మినార్‌ని కిందనుంచి చూసి, పైకి ఎక్కడం ఇంకో రాకకు ఉంచుకోండి.

దుకాణాలు రాత్రి తొమ్మిది దాటినా తెరిచే ఉంటాయి. కానీ ఎనిమిదిన్నరకల్లా ఆటో మాట్లాడుకుంటే మంచిది. బజారు నుంచి బయటికి వచ్చే దారిలోనే అందరూ ఒకేసారి ఆటోల కోసం నిలబడతారు. చార్మినార్ ఎదుట అడగకుండా మదీనా దాకా నడిస్తే రేటు మర్యాదగా ఉంటుంది.